సర్వీస్ చార్జీ

కొల్లేటి పక్కనున్న మా కలిదిండిలో చేపకు కరువేమిటి? ఎటు చూసినా చెరువులే. ఐసు వేసి పెట్టెలకెత్తిన బొచ్చెలూ, శీలావతులూ లారీలెక్కి హౌరా దాకా పోతాయి. అలాంటి ఊరి నుంచి హైదరాబాదులో అబ్బాయింటికి వెళ్తే, వాడు నన్ను ఎక్కడికి తీసుకెళ్లాడనుకున్నారు? గచ్చిబౌలి వైపు కొత్తగా తెరిచిన ఒక హోటలుకు. కొల్లేటి చేపల పులుసు తినిపించడానికి!

బోర్డు మీద గరిటె పట్టుకున్న మామ్మగారి బొమ్మ. లోపల గోడలకు చేటలు, విసనకర్రలు, మూలన ఒక తిరగలి. మా అత్తగారి తిరగలి పెరట్లో వానకు తడుస్తోంది, దీనికి మాత్రం ఏసీ! బల్ల ఖాళీ అయ్యేసరికి ముప్పావుగంట పట్టింది. ఇంట్లో అన్నం పది నిమిషాలు ఆలస్యమైతే గొంతు సవరించుకునే మావారు, అక్కడ పేరు పిలిచేదాకా బుద్ధిమంతుడిలా నిలబడ్డారు.

పులుసు వచ్చింది. మట్టి దాకలో నాలుగు ముక్కలు. ముల్లు లేదు, చింతపండు కన్నా టమాటా ఎక్కువ. అబ్బాయి ఒక ముద్ద తిని కళ్లు మూసుకున్నాడు. "అమ్మా, అచ్చం నీ పులుసే!"

నా పులుసు బాగుంటుందని నాకు ఆ రోజే తెలిసింది మరి. బతికున్న కొరమేనును తెచ్చి, బూడిద పట్టించి, జిగురు పోయేదాకా రాతి మీద రుద్ది, రాత్రి పులుసు పెట్టి పొద్దున వడ్డిస్తే ఇన్నేళ్లలో మా ఇంట్లో వినబడ్డ మాటలు రెండే: "ఉప్పు తగ్గింది", "ఉప్పెక్కువైంది".

హోటళ్ల మీద నాకు కోపం లేదు. ఆడవాళ్లు వంట మానేసి హోటళ్ల వెంట పడుతున్నారనే పెద్దల పాట నేను పాడను. వారమంతా ఆఫీసు చేసొచ్చి పొయ్యి వెలిగించే మా కోడలు ఒకపూట కూర్చుని తింటే నాకు కడుపు నిండుతుంది. నా తగువల్లా ఆ బోర్డు మీది మామ్మగారితోనే. ఇంటి వంట అంత గొప్పదైతే ఇంట్లో దాని గొప్ప ఎవరికీ కనబడదేం? అమ్మకానికి పెడితేనా అమ్మ చేతి వంటకు రుచి?

బిల్లు వచ్చింది. జి.ఎస్.టి. 5 శాతం, సరే, సర్కారుది. దాని కింద "సర్వీస్ చార్జీ" 10 శాతం! కోడలు ఊరుకోలేదు. హోటలువాళ్లు తమంతట తాము దీన్ని బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలోనే చెప్పింది. హోటళ్ల సంఘాలు కోర్టుకెక్కితే 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా ఆ మాటే ఖాయం చేసింది. ఇవ్వడం మన ఇష్టం. (మీరూ గుర్తుపెట్టుకోండి, పనికొస్తుంది.) మేనేజరు నసుగుతూనే కొట్టేశాడు.

"పోనీలే పాపం, వడ్డించేవాళ్లకు ఎంత కష్టం!" అంటూ మావారు వందనోటు తీసి పెట్టారు.

"వడ్డించడం కష్టమని ఎప్పుడు తెలిసిందండీ మీకు?" అన్నాను. ఆయన సోంపు నములుతూ అటు తిరిగారు.

వెళ్తూ వెళ్తూ ఆ వడ్డించిన కుర్రాణ్ణి అడిగాను, "లోపల వండేది ఆ మామ్మగారేనా నాయనా?"

"లేదండీ, మాస్టరండీ. మామ్మగారు బోర్డుకేనండీ."

కారెక్కాక అబ్బాయి అన్నాడు, "అమ్మా, ఊరెళ్లేలోపు ఒకసారి నువ్వే పెట్టవా పులుసు?"

"పెడతాను. కొరమేను నువ్వు రుద్దుతానంటే."

"ఈ ఊళ్లో బూడిదెక్కడ దొరుకుతుందమ్మా!"

"ఆన్‌లైన్లో చూడండి," అంది కోడలు.