నాలుగడుగుల మట్టి వదలండి



ఈ మధ్య మన పల్లెల్లో ఇల్లు కట్టిన ప్రతివారూ చివర్లో ఒక పని చేస్తున్నారు. గోడలకు రంగులయ్యాక గుమ్మం నుంచి ప్రహరీ దాకా గచ్చు పోయించేస్తున్నారు. బురద ఉండదు, ఊడ్చుకోవడం తేలిక, పురుగూ పుట్రా రాదు అంటారు. అందులో నిజం లేకపోలేదు. అయినా మీతో ఒక మాట గట్టిగా చెప్పాలనుకుంటున్నాను. అంతా పోయించకండి. గోడ పక్కన నాలుగడుగుల వెడల్పున మట్టిని అలాగే వదలండి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందట. అంటే ఆదివారం మందిరంలో చాప మీద కూర్చునే పదిమంది అక్కచెల్లెళ్లలో సుమారు ఆరుగురు. "నీరసంగా ఉందయ్యగారూ, కళ్లు తిరుగుతున్నాయి, ప్రార్థన చేయండి" అని వాళ్లు అడుగుతారు. ప్రార్థన చేయాల్సిందే. ఏఎన్ఎం ఇచ్చిన ఐరన్ మాత్రలు వేసుకోవాల్సిందే. తోటకూర మాత్రకు బదులు కాదు. కానీ ఆ తల్లి కంచంలో ఏముందో కూడా చూడాలి కదా! కుప్పగా అన్నం, పలుచని చారు, పచ్చడి మెతుకు. ఆకుకూర వండేది కూరగాయల ఆటో వచ్చిన రోజే, అదీ చేతిలో డబ్బులుంటేనే.

నాలుగడుగుల మట్టి ఏమిస్తుందో లెక్క వేద్దాం. తోటకూర చల్లితే 25, 30 రోజుల్లో కోతకు వస్తుంది. గోంగూర చిగుళ్లు గిల్లేకొద్దీ పక్క కొమ్మలు వేస్తుంది. బచ్చలి ముక్క గుచ్చితే పాకుతుంది. మునగ కొమ్మ పాతితే చెట్టవుతుంది. బొప్పాయి ఏడాది తిరగకుండానే కాపుకొస్తుంది. మూలన ఒక నిమ్మ మొక్క పెట్టుకోండి. కాపుకు మూడు నాలుగేళ్లు పట్టినా ఫరవాలేదు, ఎందుకంటే ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టాలంటే నిమ్మరసం తోడు కావాలి. అన్నం తినగానే టీ తాగితే ఆ ఇనుము సరిగా పట్టదు. ఇది కూడా ఇంట్లో వాళ్లకు చెప్పండి.

బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు మళ్లకు పోయండి. స్నానాల నీళ్లు పోయే చోట అరటి పెట్టండి. బట్టల సబ్బు నీళ్లు మాత్రం ఆకుకూరలకు పోయకండి. పేడ పచ్చిది వేయకండి, బాగా చివికాకే వేయండి. మరొక ముఖ్యమైన మాట. పేనుబంక పట్టిందని పత్తి చేలో, మిరప చేలో మిగిలిన మందు తెచ్చి పెరట్లో చిక్కుడు పాదు మీద కొట్టకండి. ఆ కాయలు తినేది మీ పిల్లలే. 50 గ్రాముల వేపగింజలు దంచి, లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, వడకట్టి, కాస్త సబ్బు కలిపి చల్లండి.

"సెంటున్నర స్థలంలో తోటేమిటండీ?" అంటారేమో. నిజమే, ఆంధ్రలో ఇటీవల పల్లెల్లో కట్టిన ప్రభుత్వ కాలనీల్లో ఇచ్చింది అంతే, 72 గజాల పైచిలుకు. ఇల్లు కట్టగా మిగిలేది తక్కువే. అందుకే ఆ మిగిలిన దాన్ని కప్పేయవద్దంటున్నాను. అద్దె ఇంట్లో ఉన్నవారు పాత బకెట్టులోనో, సిమెంటు బస్తాలోనో మట్టి నింపుకోండి. బబులోనుకు చెరపట్టబడినవారికి యిర్మీయా రాసిన ఉత్తరం గుర్తుందా? ఆ దేశం వారిది కాదు, ఆ నేల వారిది కాదు. అయినా అక్కడే తోటలు నాటుకొని వాటి ఫలాలు తినమన్నాడు.

"పది రూపాయలు పెడితే కట్ట దొరుకుతుంది, ఇంత శ్రమెందుకు?" అనేవారూ ఉన్నారు. వారికి నా జవాబు డబ్బు లెక్క కాదు. పొలం కోసేటప్పుడు అంచులు బీదలకు వదలాలని ధర్మశాస్త్రం చెబుతుంది. ఎకరం కూడా లేనివారు ఆ మాట ఆసాములకే అనుకుంటారు. మన సంఘంలో ఎక్కువమందికి రేషను, పింఛను, సాయం పుచ్చుకోవడమే అలవాటైపోయింది. మరి సొరపాదు కాపుకొచ్చిందంటే ఒక్క ఇల్లు తినలేదు. ఆ రోజు కూలికి వెళ్లే తల్లి కూడా గోడ మీదుగా పక్కింటికి కాయ అందిస్తుంది. ఎప్పుడూ మీ గుమ్మం తొక్కనివారు కూడా కరివేపాకు రెబ్బ కోసం మీ గుమ్మంలోకి వస్తారు. బీదవారికి ఇచ్చే చేయి ఉండడం చిన్న సంగతి కాదు. పెరటి తోట గురించి నేనింతగా చెప్పడానికి అసలు కారణం ఇదే.

జూన్‌లో మృగశిర కార్తె వస్తుంది. ఇల్లు కడుతున్నవారు ఈలోపే మేస్త్రీతో మాట్లాడండి. ఇప్పటికే గచ్చు పోయించినవారు గోడవార కొంత పగలగొట్టించినా తప్పులేదు. మందిరం ఆవరణ అంతా టైల్స్ వేయిద్దామని పెద్దలు అనుకుంటున్నారు. వారికి కూడా నా మనవి ఇదే, రెండు మునగ చెట్లకు చోటు ఉంచండి.

దేవుడు మీ చేతుల కష్టాన్ని దీవించును గాక. ఆమెన్.