బవరీ వీధి, 227వ నంబరు

న్యూయార్క్‌లోని బవరీ వీధికి ఇప్పుడు జనం మ్యూజియం చూడటానికి వెళతారు, ఖరీదైన హోటల్లో దిగడానికి వెళతారు. 2007లో తెరిచిన న్యూ మ్యూజియం ఆ వీధి రూపాన్నే మార్చేసింది. దాని పక్కనే 227వ నంబరులో ఎర్ర తలుపుల పాత ఇటుక భవనం ఒకటుంది. భోజనం వేళకు ఆ తలుపుల ముందు మనుషులు బారులు తీరతారు. వాళ్లలో మ్యూజియం టికెట్టు కొన్నవాళ్లు కనిపించడం అరుదు. అది బవరీ మిషన్, ఇల్లు లేనివాళ్లకు అన్నం, పక్క ఇచ్చే క్రైస్తవ సంస్థ. 1879లో మొదలైంది. ఈ చిరునామాకు 1909లో వచ్చింది. అంతకుముందు ఆ ఇంట్లో శవపేటికల వ్యాపారం సాగేది.

మిషన్ పుట్టేనాటికి బవరీ మీదుగా స్తంభాలపై నడిచే రైలు వచ్చి ఏడాదే అయింది. పైన పొగ, మసి. కింద సారా దుకాణాలు, తాకట్టు కొట్లు, రాత్రికి కొన్ని సెంట్లు తీసుకుని పడుకోనిచ్చే చవక వసతిగృహాలు. ఇరుకు గదుల నెత్తిన కప్పు బదులు కోళ్ల గూటికి వాడే తీగవల ఉండేది, దొంగతనాలు జరక్కుండా. ఆల్బర్ట్ రులిఫ్‌సన్ అనే ప్రెస్బిటేరియన్ పాస్టరు, ఆయన భార్య కలిసి అక్కడొక చిన్న గది తెరిచారు. దారి అప్పటికే వేసి ఉంది. సింగ్‌సింగ్ జైల్లో శిక్ష అనుభవించిన జెర్రీ మెకాలీ అనే మాజీ దొంగ 1872లో వాటర్ స్ట్రీట్‌లో ఇలాంటి మిషన్‌నే పెట్టాడు.

1895లో మిషన్ లూయీ క్లాప్ష్ చేతికి వచ్చింది. ‘క్రిస్టియన్ హెరాల్డ్’ పత్రిక యజమాని ఆయన. మన క్రైస్తవుల ఇళ్లలోని కొన్ని బైబిళ్లలో యేసు మాటలు ఎర్ర అక్షరాల్లో ఉంటాయి. ఆ ఆలోచన క్లాప్ష్‌దే. 1899లో అలా కొత్త నిబంధన అచ్చువేశాడు. ఆ మరుసటి ఏడాది భారతదేశంలో కరవు వస్తే, పత్రిక పాఠకుల దగ్గర చందాలు పోగుచేసి మొక్కజొన్నలతో ‘క్విటో’ అనే ఓడను బొంబాయికి పంపించాడు. దానం ఎలా రాబట్టాలో తెలిసిన మనిషి. చలికాలంలో అర్ధరాత్రి దాటాక బవరీలో రొట్టె, కాఫీ కోసం నిలబడే వరస ఆయన హయాంలోనే ఊరంతా చెప్పుకునే దృశ్యమైంది. 1909 డిసెంబరులో అమెరికా అధ్యక్షుడు టాఫ్ట్ స్వయంగా మిషన్‌కు వచ్చి అక్కడి మగవాళ్లతో మాట్లాడాడు.

కాని ఆ రొట్టెకు ఒక షరతు ఉండేది. ముందు ప్రార్థన, తర్వాతే భోజనం. బవరీలో ఒక్కచోటే కాదు, అమెరికాలో చాలా మిషన్లలో ఏళ్ల తరబడి ఇదే పద్ధతి. ఆకలితో ఉన్నవాడు ప్రసంగం వింటాడా, వింటున్నట్టు కూర్చుంటాడా అన్నది పాస్టర్లకు తెలియని సంగతేమీ కాదు. దేశదిమ్మరి కూలీల కవి జో హిల్ 1911లో దీని మీదే వెటకారపు పాట కట్టాడు. అదీ సాల్వేషన్ ఆర్మీ వాళ్లు పాడుకునే కీర్తన బాణీలోనే. కూలీల సభల్లో ఆ పాట మార్మోగింది. ఆ వెటకారం న్యాయమైనదే. అయితే పాట విని నవ్వుకున్న కూలీ కూడా జనవరి రాత్రి మిషన్ తలుపు తట్టాల్సిందే. వేరే తలుపులు తక్కువ గనక.

ఆ షరతు లేకుండా కూడా మతం అన్నం పెట్టగలదని అదే పేటలో డొరొతీ డే చూపించింది. 1933లో ఆమె, పీటర్ మౌరిన్ కలిసి ఒక సెంటు ధరకు ‘క్యాథలిక్ వర్కర్’ పత్రిక పెట్టారు. దాంతోపాటే ఇల్లు లేనివాళ్లకు ఇళ్లు తెరిచారు. వచ్చినవాడికి సూపు పోస్తారు, ఎందుకొచ్చావని అడగరు. 1960లో జరిగిన ఒక ముచ్చట చెప్పుకోవాలి. బవరీ పక్కనే క్రిస్టీ వీధిలో వాళ్ల ఇంటిని నగరం స్వాధీనం చేసుకుని, పరిహారంతోపాటు మూడున్నర వేల డాలర్ల పైచిలుకు వడ్డీ కూడా ఇచ్చింది. వడ్డీ తినడం పాపమని డే ఆ సొమ్మును నగరానికే తిప్పి పంపింది! సూపుకే డబ్బు చాలని సంస్థ అది. ఖజానా అధికారులు ఆ చెక్కును ఏ పద్దులో రాసుకున్నారో మరి.

ఎవరి పద్ధతి ఏదైనా, ఈ ఇళ్లన్నింటికీ ఒక బలహీనత ఉంది. పెట్టేవాడికి పెట్టబుద్ధైతేనే పుచ్చుకునేవాడికి పూట గడుస్తుంది. ఇవాళ పక్క వేశారు కాబట్టి రేపూ వేయాలని అడిగే అధికారం ఎవరికీ లేదు. మిషన్ మొదలైన సరిగ్గా వందేళ్లకు, 1979లో, ఆ అధికారం ఉందని ఒక యువ లాయరు కోర్టుకెళ్లాడు. పేరు రాబర్ట్ హేస్, వాల్‌స్ట్రీట్ సంస్థలో ఉద్యోగం. బవరీలో రోడ్డున పడ్డ రాబర్ట్ కాలహన్ అనే ఒకప్పటి వంటమనిషి ఆ కేసులో మొదటి పిటిషనరు. దీనులను ఆదుకునే బాధ్యత రాష్ట్రానిదేనని న్యూయార్క్ రాజ్యాంగంలో 1938 నుంచే ఒక అధికరణం ఉంది. దాన్నే హేస్ పట్టుకున్నాడు.

1981 ఆగస్టులో నగరం, రాష్ట్రం రాజీకి వచ్చి, ఇల్లు లేని మగవాళ్లకు ఆశ్రయం హక్కుగా ఇస్తామన్నాయి. ఆ ఒప్పందపత్రం చదివితే ముచ్చటేస్తుంది. మంచం వెడల్పు కనీసం 30 అంగుళాలు. రెండు శుభ్రమైన దుప్పట్లు, ఒక కంబళి, దిండు, తువ్వాలు, సబ్బు. పది మందికి ఒక స్నానపు షవరు. కరుణ, ప్రేమ లాంటి పెద్ద మాటల కన్నా ఈ అంగుళాల లెక్కే నిరాశ్రయులకు ఎక్కువ మేలు చేసింది. కాలహన్ మాత్రం ఆ సంతకాలు చూడలేదు. అంతకు కొద్దిగా ముందే వీధిలో చనిపోయాడు.

హక్కు వచ్చాక మిషన్‌తో పనేమిటి? ఈ ప్రశ్నకు జవాబు 1980ల్లోనే దొరికింది. ఫోర్ట్ వాషింగ్టన్‌లోని సైనిక కసరత్తుల హాలులో నగరం మంచాలు వేసింది. ఒకే కప్పు కింద వెయ్యి మందికి దగ్గరగా మగవాళ్లు. చెప్పులు కాలికే ఉంచుకుని పడుకోవాల్సిన చోటు. అక్కడికి వెళ్లడం కన్నా వీధే నయమనుకున్నవాళ్లు చాలామంది. కోర్టు మంచం కొలత చెప్పగలదు గాని, పక్క మంచం మీదివాడు ఎలాంటివాడో చెప్పలేదు. పేరు పెట్టి పిలిచే చిన్న ఇల్లు, తాగుడు మానేందుకు నెలల తరబడి వెంట ఉండే మనిషి, మళ్లీ జారిపోయి వచ్చినా తీసే తలుపు: ఇవి మిషన్ దగ్గరే దొరుకుతాయి. ప్రార్థన షరతు మీద ఎంత కోపమున్నా ఈ మాట ఒప్పుకోక తప్పదు.

అలాగని ఒకదాని పని రెండోది చేయదు. న్యూయార్క్‌లో ఇల్లు లేని నూరు మందిలో ఆరుబయట పడుకునేది కొద్దిమందే. అదే లాస్‌ఏంజిలిస్‌లో సగానికి మించి. అక్కడ మిషన్లు లేక కాదు. యూనియన్ రెస్క్యూ మిషన్ 1891 నుంచీ పనిచేస్తోంది. లేనిదల్లా న్యూయార్క్‌లో ఉన్న ఆ హక్కే.

మన దగ్గరా 2010లో సుప్రీంకోర్టు, పట్టణాల్లో లక్ష జనాభాకు ఒకటి చొప్పున, ఏడాది పొడుగునా ఇరవై నాలుగు గంటలూ నడిచే ఆశ్రయాలు పెట్టాలంది. హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ ఆస్పత్రుల బయట రోగుల బంధువులు పరిచిన చాపలు చూస్తే ఆ ఆదేశం ఎంతవరకు చేరిందో తెలుస్తుంది. ఆ పక్కనే ఎవరో ఒక దాత అన్నం పొట్లాలు పంచుతుంటాడు. ఆయన పనికి వంక పెట్టలేం. కాని ఆయన ఉన్నాడు కదా అని కార్పొరేషన్ ఊరుకుంటోందేమో అడగాలి.

న్యూయార్క్‌లో కొన్నేళ్ల కిందట, ప్రభుత్వ బాధ్యతను దాతల మీదికి నెట్టే సరిగ్గా ఆ బేరమే నడిచింది. 2022 నుంచి దక్షిణ సరిహద్దు దాటి వచ్చిన వలసదారులతో ఆశ్రయాలు నిండిపోయాయి. 2023 జూన్‌లో నగర మేయరు చర్చిలు, మసీదులు, ఇతర ప్రార్థనాలయాలు యాభై దాకా తలుపులు తెరుస్తాయని ప్రకటించాడు. ఒక్కోచోట 19 మంది మగవాళ్లకు పక్కలు. అదే ఏడాది అక్టోబరులో, ఆశ్రయ హక్కును తాత్కాలికంగా పక్కన పెట్టనివ్వమని నగరం కోర్టును అడిగింది. 2024 మార్చిలో కుదిరిన ఒప్పందం ప్రకారం, కొత్తగా వచ్చిన ఒంటరి వలసదారుల్లో చాలామందికి ఆశ్రయం ముప్పై రోజులే దక్కింది. ఆ ఒప్పందానికి ముందటి చలికాలంలోనే, నగరం పెట్టిన గడువు తీరినవాళ్లు మళ్లీ దరఖాస్తు పెట్టుకోవడానికి ఈస్ట్ విలేజ్‌లో మూతపడిన ఒక క్యాథలిక్ బడి ముందు నిలబడ్డారు. బవరీ మిషన్ నుంచి అక్కడికి నడిచి వెళ్లిపోవచ్చు.