ఫ్రిజ్ గూడు కట్టేముందు ఆ ఇంటి ఆవిడని అడిగారా?

కొత్త ఇంటి గృహప్రవేశానికి వెళ్తే అందరూ హాల్లో నిలబడి పైన లైట్లు చూస్తుంటారు. నేను మాత్రం వంటింట్లోకి వెళ్ళి ఫ్రిజ్ పక్కన చెయ్యి పెట్టి చూస్తాను, దూరుతుందా లేదా అని. మా తిరువూరులో ఈ మూడు నాలుగేళ్ళలో నేను చూసిన కొత్త వంటిళ్ళల్లో చాలావాటిలో చెయ్యి కాదు కదా, వేలు కూడా దూరలేదు.

మీరూ చూసే ఉంటారు. రెండు వైపులా ప్లైవుడ్ చెక్క, దానిమీద నిగనిగలాడే సన్‌మైకా, పైన అటక అలమారా, వెనక గోడ. మధ్యలో ఫ్రిజ్‌ని తోసేసి, కింద కనబడే సందు కూడా బాగుండదని ఒక పట్టీ కొట్టేస్తారు. ప్లగ్గు ఆ వెనక గోడకే. ఇక ఆ ఫ్రిజ్ పాడయ్యేదాకా బయటికి రాదు. చూడటానికి బాగుంటుంది, అందం దగ్గర నాకేమీ పేచీ లేదు. నా పేచీ ఏమిటంటే ఆ గూడు ఎంత వెడల్పుండాలో తేల్చినవాళ్ళలో వంట చేసే మనిషి లేదు. వంటగది ఆగ్నేయంలో ఉండాలని వాస్తు చూసే ఆయన్ని అడిగారు. గోడ మందం మేస్త్రీని అడిగారు. చెక్క లెక్క కార్పెంటర్‌ని అడిగారు. రోజుకి ఏడెనిమిది గంటలు అక్కడే నిలబడే మనిషిని మాత్రం సన్‌మైకా ఏ రంగు కావాలని అడిగారు.

కంప్యూటర్లో చూపించే బొమ్మలో ఫ్రిజ్ మీద ఏమీ ఉండదు, గమనించారా? మన ఇళ్ళల్లో ఫ్రిజ్ మీద ఏముంటాయో మనకి తెలుసు. కరెంటు బిల్లు, స్కూలు ఫీజు రసీదు, పెద్దవాళ్ళ బి.పి. మాత్రలు, తాళంచెవులు, పాలవాడి లెక్క పుస్తకం, రబ్బరు బ్యాండ్లు. చేతికి అందే ఎత్తు, పిల్లలకి అందని ఎత్తు, అంతకంటే మంచి చోటు వంటింట్లో ఏముంది? పెడతాం. పెట్టినవి ఎప్పుడో ఒకప్పుడు వెనక్కి జారతాయి. ఫ్రిజ్ మోటారు ఆన్ అయినప్పుడూ ఆగినప్పుడూ చిన్నగా అదురుతుంది, గట్టిగా తలుపేస్తే ఇంకా అదురుతుంది, నున్నటి రేకు మీద వస్తువు నిలబడదు.

పూర్వం ఈ గొడవ లేదు. మా చిన్నప్పుడు ఫ్రిజ్ ఉన్న ఇల్లే తక్కువ, ఉన్నవాళ్ళు దాన్ని వంటింట్లో దాచేవాళ్ళా? ముందుగదిలో ఇనప స్టాండు మీద నిలబెట్టేవాళ్ళు, పైన లేసు గుడ్డ, దానిమీద ప్లాస్టిక్ పూలు. మన దేశంలో గోద్రెజ్ వాళ్ళు ఫ్రిజ్ తయారు చేసింది 1958లో. మన తెలుగువాళ్ళకి మాత్రం ఫ్రిజ్ అంటే చాలాకాలం హైదరాబాద్ ఆల్విన్. 1942లో నిజాం హయాంలో మొదలై బస్సులూ, వాచీలూ, ఫ్రిజ్‌లూ చేసిన సంస్థ అది. ఆ ఫ్రిజ్ వెనక నల్లటి కమ్మీల జాలీ కనబడేది. దుమ్ము పడితే దులిపేవాళ్ళం, స్టాండు కిందకి చీపురు పోనిచ్చేవాళ్ళం. ఏదైనా పడితే వంగి తీసుకోవడమే.

పోయిన వేసవిలో మా పెద్దాడపడుచు ఇంట్లో జరిగింది చెప్తాను, నా కోపం ఎందుకో మీకర్థమవుతుంది.

ఆవకాయ కలిపే రోజు. ఆవపిండీ నూనే అంటుతాయని వదిన వేలి ఉంగరం తీసి ఫ్రిజ్ మీద పెట్టింది. వాళ్ళమ్మగారు పెట్టిన ఉంగరం. కలపడం, జాడీలకెత్తడం, వాసెన కట్టడం అయ్యేసరికి సాయంత్రం అయింది. చూస్తే ఉంగరం లేదు. మొదటి రోజు ఇల్లంతా వెతికారు. రెండో రోజు అనుమానమొచ్చి ఆవకాయ జాడీల్లో గరిట పెట్టి అడుగుదాకా తిప్పి చూశారు. మూడో రోజు పనిచేసే ఆవిడని అడిగారు.

దొంగతనం అనే మాట ఎవరూ అనలేదు. "ఊడుస్తున్నప్పుడు ఎక్కడైనా కనబడిందా?" అని వదిన అడిగింది. పొద్దున అన్నయ్యగారు అడిగారు. సాయంత్రం కోడలు అడిగింది. ఒకే ప్రశ్న ముగ్గురు అడిగితే అది ప్రశ్న కాదని ఆవిడకి తెలియదా? ఆరేళ్ళుగా ఆ ఇంట్లో చేస్తోంది. ఐదో రోజు నుంచి రావడం మానేసింది. ఎందుకు మానేసిందో వీధిలో ఆవిడ చేసే మిగతా రెండిళ్ళకీ అప్పటికే తెలిసిపోయింది. ఒక ఇంట్లో వచ్చే నెల నుంచి వద్దన్నారు.

ఫ్రిజ్ వెనక ఎందుకు చూడలేదు అంటారా? చూశారు. చూడగలిగినంత చూశారు. పక్కల సందు లేదు కాబట్టి పైనుంచి ఫోను దింపి వీడియో తీశారు. దుమ్ము, సాలెగూడు, ఒక స్పూను, మాత్రల పట్టీ కనబడ్డాయి. మామిడికాయలు కోసే చిక్కం కర్ర తెచ్చి, దాని కొసకి చపాతీ పిండి ముద్ద అంటించి వెనక నేలమీద తట్టి తట్టి చూశారు. స్పూను పక్కకి జరిగింది, మాత్రల పట్టీ పైకొచ్చింది, ఉంగరం రాలేదు. అయస్కాంతం కట్టమని ఎవరో సలహా చెప్పారు, బంగారానికి అయస్కాంతం ఏం చేస్తుంది? అన్నిటికంటే ఘోరం ఇక్కడే. అక్కడ వెతికాం, అక్కడ లేదు, అంటే ఇంకెక్కడుంటుంది అన్న మాట ఇంట్లో గట్టిపడింది.

చివరికి ఫ్రిజ్‌లు బాగుచేసే అబ్బాయిని పిలిచారు. అతను ఉంగరం మాట వినగానే "ట్రే చూశారా?" అన్నాడట. ఫ్రిజ్‌లో మంచు కరిగిన నీళ్ళు వెనక గొట్టంలోంచి దిగి, కింద కంప్రెసర్ మీద ఉండే చిన్న ప్లాస్టిక్ ట్రేలో పడతాయి. కంప్రెసర్ వేడికి అవి ఆవిరైపోతాయి. మనం రోజూ వాడే వస్తువులో అలాంటిదొకటి ఉందని మనలో ఎంతమందికి తెలుసు? కింది పట్టీ ఊడగొట్టి, ముగ్గురు కలిసి ఫ్రిజ్ బయటికి లాగితే ఆ ట్రేలో, జిగురులా పేరుకున్న మురికినీళ్ళల్లో ఉంది ఉంగరం. ఏ కర్రకీ అందని చోటు.

వదిన ఆ సాయంత్రమే ఆవిడ ఇంటికి వెళ్ళి చెప్పింది. "దొరికిందా అమ్మగారూ, మంచిదయింది" అని మంచినీళ్ళు ఇచ్చిందట. పనికి మాత్రం మళ్ళీ రాలేదు. వదిన ఇంకో రెండుసార్లు కబురు పెట్టింది, అయినా రాలేదు. నేనైనా వెళ్ళేదాన్ని కాదు.

చెక్క గూటి మీదికి మొత్తం తప్పు తోసేయడం నా ఉద్దేశం కాదు. గూడు నోరు తెరిచి ఎవర్నీ అడగలేదు, అడిగింది మనుషులే. కానీ నేననేది ఇది. మన ఇంట్లో వస్తువు పోతే, ఇంకొకర్ని ఒక్క మాట అడిగేముందు ఇల్లంతా చూడాలి. ఇంట్లో చూడటానికి వీల్లేని మూల ఒకటి కట్టిపెట్టుకుంటే, ఆ మూలలో పడ్డ ప్రతిదానికీ జవాబు చెప్పుకోవాల్సింది మన గుమ్మంలోకి పనికొచ్చే మనిషే. పోయింది బంగారమైతే చెప్పక్కర్లేదు.

ఇంక తీసే సంగతి. ఇలాంటి గూడు మీ ఇంట్లో ఇప్పటికే ఉంటే ముందు స్విచ్ కట్టేయండి. స్విచ్ కూడా వెనకే ఉంటే మెయిన్ కట్టేయాల్సిందే, బద్ధకించొద్దు. వెదురుకర్రో, చీపురుకర్రో పరవాలేదు, ఇనపచువ్వ మాత్రం వద్దు. వెనక కరెంటు ప్లగ్గు ఒకటుంటే, గ్యాసు తిరిగే సన్నటి గొట్టాలు ఇంకొకటి. ఈ మధ్య వచ్చే చాలా ఫ్రిజ్‌లలో ఆర్-600ఎ అని రాసి ఉంటుంది చూడండి, అది ఐసోబ్యూటేన్, మన సిలిండర్లో గ్యాసుకి దగ్గరి చుట్టం. ఉండేది కొన్ని పదుల గ్రాములే గానీ, గొట్టానికి చిల్లు పడితే ఫ్రిజ్ చల్లదనం అంతటితో సరి.

లాగాలంటే ముందు లోపలున్నవన్నీ తీసేయాలి, అద్దం అరలతో సహా. రెండు తలుపుల ఫ్రిజ్ ఖాళీదే 50 కిలోల దాకా తూగుతుంది. ఒక్కరే ఉన్నప్పుడు పని పెట్టుకోకండి. ముందు కాళ్ళు మరలాగా తిరుగుతాయి చాలావాటికి, వాటిని సరిచేసి కింద పాత దుప్పటి దూర్చి, పక్కకి ఒరగనీకుండా నిటారుగా లాగాలి. బాగా ఒరిగిందంటే మళ్ళీ నిలబెట్టాక కొన్ని గంటలాగి ఆన్ చేయమంటారు, కంప్రెసర్లో నూనె మళ్ళీ దాని చోటికి దిగాలి కదా. ఎలాగూ లాగారు కాబట్టి ఆ ట్రే కూడా కడిగేయండి. అందులోంచి వచ్చే వాసనకి మనం పాపం వంకాయ కూరని తిట్టుకుంటూ ఉంటాం.

అమెరికాలో ఉండే మా పిన్ని కూతురికి ఇదంతా చెప్తే నవ్వింది. అక్కడ నిజంగానే గూట్లో అమర్చడానికే చేసిన ఫ్రిజ్‌లు వేరే ఉంటాయట. గాలి ముందునుంచే తీసుకుని ముందునుంచే వదులుతాయి, కింది జాలీ విప్పితే చెయ్యి పెట్టి చూడొచ్చు. వాటికి ఐసు కోసం వెనకనుంచి నీళ్ళ గొట్టం వస్తుంది కాబట్టి తోచినట్టు లాగితే ఇంట్లో చెరువే. ఇక్కడ మనం కొనేవి అలాంటివి కావు. విడిగా నిలబెట్టమని చేసిన ఫ్రిజ్‌ని తెచ్చి పెట్టెలో బిగిస్తున్నాం. ఇప్పటి వాటికి వేడి వదిలే గొట్టాలు చాలావాటిలో పక్క గోడల్లోపలే ఉంటాయి, అందుకే పక్కలు ముట్టుకుంటే వెచ్చగా తగులుతాయి. ఆ పక్కలకే మనం ప్లైవుడ్ ఆనించి కప్పేస్తున్నాం. మే నెలలో మా ఊరి ఎండలకి మనుషులకే గాలాడదు, అది ఆ పెట్టెలో ఎట్లా చల్లబడుతుంది? మోటారు ఆగకుండా తిరుగుతుంది, బిల్లు పెరుగుతుంది. అప్పుడు ఫ్రిజ్ తలుపు ఎవరు ఎక్కువసార్లు తీస్తున్నారో లెక్క మొదలవుతుంది. ఆ లెక్కలో కూడా మొదటి పేరు మనదే.

ఫ్రిజ్‌తో పాటు వచ్చే పుస్తకంలో ఏ వైపు ఎంత ఖాళీ వదలాలో రాసి ఉంటుంది. గూడు కట్టాక కాదు, కట్టకముందే అది తీసి చదవండి. ప్లగ్గు గట్టు పైన, చెయ్యి అందేచోట పెట్టించుకోండి. కింది పట్టీ జిగురుతో కాదు, మరలతో బిగించమనండి. వేరే ఏమీ చేతకాకపోతే ఫ్రిజ్ మీద అంచులున్న స్టీలు పళ్ళెం ఒకటి పెట్టుకోండి, తీసిపెట్టే ఉంగరాలూ గాజులూ అందులో వేసుకోండి.

మా చెల్లెలు ఎ.కొండూరులో ఇల్లు కడుతోంది. ఫ్రిజ్ గూటికి రెండు పక్కలా నాలుగేసి అంగుళాలు వదలమంటే కార్పెంటర్ "అమ్మా, జాగా వేస్టు, లుక్ కూడా పోతుంది" అన్నాడట. మా మరిది కూడా అతనివైపే. ఫోనులో చాలాసేపు వాదించాం, సరేనన్నారు గానీ నాకు నమ్మకం లేదు. ఆదివారం టేపు తీసుకుని నేనే వెళ్తున్నాను.