ఇంటి ముచ్చట్లు: ఆఖరి గడియ పనులు

డిసెంబరు మొదలైనదంటే గోడ కాలెండరు ముందు నిలబడి వేళ్ళ మీద లెక్కపెట్టుకోవడం మా ఇంటి వాడుక. 2023లో ఆ లెక్కే మమ్మల్ని బోల్తా కొట్టించినది. క్రిస్మసుకు ముందు వచ్చే నాలుగు ఆదివారాలను ఆగమన కాలమంటారు గదా! నాలుగు ఆదివారాలంటే నాలుగు వారాల వ్యవధి అని మనసులో ఏనాడో పడిపోయినది. ఆ యేడు మొదటి ఆదివారం 3వ తేదీన వచ్చినది, నాలుగవది 24న. తెల్లవారితే సోమవారం, పండుగ. వెరసి చేతికి దొరికినది మూడు వారాల ఒక్క రోజు. ఇంతకంటె కురచగా ఆగమన కాలం రావడానికి వీలే లేదు. పైగా 24 ఉదయం మామూలు ఆదివారపు ఆరాధన, అదే రాత్రి పండుగ ఆరాధన. ఇంటి పనికని ఒక పూట మిగలలేదు.

ఈ పుటలో "మేము" అంటే ఎవరని కొందరు సోదరీమణులు అడుగుతూ ఉంటారు. కలం పట్టుకునేది ఒక్కరమే. కాని పిండి జల్లించేది ఒకరు, పాకం పట్టేది మరొకరు, పొరపాటు చేసేది అందరమూ గనుక "నేను" అని రాయడానికి చేయి రాదు.

మేముండేది కోలారు బంగారు గనుల ఊళ్ళో. మా మామగారి తండ్రి చిత్తూరు వైపు పల్లె నుంచి గని పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయినారు. గనులు నడిచినన్నాళ్ళు ఊరికంతటికీ గని కూతే గడియారం. మా వారు రాత్రి షిఫ్టు దిగి వచ్చి పగలంతా ఇంట్లో ఉండేవారు గనుక బెల్లం దంచడానికి, నూనె డబ్బా మోయడానికి మనిషికి కరువుండేది కాదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. ఇప్పుడు ఊరి గడియారం బెంగుళూరు రైలు. మా అబ్బాయి, కోడలు ఇద్దరూ తెల్లవారుజామున చీకట్లో లేచి ఆ రైలు పట్టుకుంటారు. సుమారు నూరు కిలోమీటర్లు పోను, నూరు కిలోమీటర్లు రాను. రాత్రి ఇల్లు చేరేసరికి పాప అన్నం తిని నిద్రకు తూగుతూ ఉంటుంది. ఇటువంటి ఇంట్లో పండుగ పనులు ఆఖరి గడియకు మిగిలిపోవడం సోమరితనం కాదని పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

చాలా పనులు ఆఖరి గడియలోనూ జరిగిపోతవి. దర్జీ బట్టలు కుట్టి ఇవ్వకపోతే అంగట్లో కుట్టినవే దొరుకుతవి. కేకు బేకరీలో చెబితే సరి. ఒకప్పుడు మా ఊరి ఆంగ్లో ఇండియన్ ఇరుగుపొరుగు దగ్గర నేర్చుకుని, ముల్లుచెంచా వెనుక పిండి ఒత్తి చుట్టే కల్‌కల్‌లు ఇంట్లోనే చేసేవాళ్ళం. ఇప్పుడు అవీ పొట్లాల్లో వస్తున్నవి. నక్షత్రం సంగతి మా వారు చూసుకుంటారు. వెదురు బద్దలు చీల్చి, రంగు కాగితం అంటించి, లోపల దీపం పెట్టి వసారాలో వేలాడదీస్తారు. 1902లోనే శివసముద్రం నుంచి విద్యుత్తు తెచ్చుకున్న ఊరు మాది గనుక నక్షత్రంలో దీపం లేకపోతే ఊరికే అవమానమని ఆయన నమ్మకం. నక్షత్రం పైకి ఎక్కినదంటే మగవారి లెక్కలో పండుగ పని పూర్తి అయినట్టే. దానిని గురించి ఇక్కడ ఎక్కువ రాయము. ఈ పత్రిక వారి చేతిలోనూ పడుతుంది.

ఆఖరి గడియకు లొంగనివి రెండే రెండు. ఒకటి అరిసె.

మనకు అరిసె, తమిళులకు అదిరసం, కన్నడిగులకు కజ్జాయ. మా వీధిలో ఈ మూడు పేర్లూ ఒకే పళ్ళెంలో చెల్లుతవి. కాని ఏ పేరుతో పిలిచినా దాని నియమం దానిదే. బియ్యం ఒక రోజంతా నానాలి, మధ్యలో నీళ్ళు మార్చాలి. వడగట్టి బట్ట మీద ఆరబోసినప్పుడు చేతికి తడి తెలియాలి గాని నీరు అంటరాదు. ఆ చెమ్మ పోకముందే పిండి కొట్టి జల్లించాలి. రెండు కిలోల బియ్యానికి కిలోన్నర బెల్లం మా ఇంటి కొలత. పాకం చుక్క నీళ్ళలో వేస్తే మెత్తని ఉండ కట్టాలి. లేతగా దింపితే అరిసె నూనెలో విచ్చిపోతుంది, ముదిరితే రాయి అవుతుంది. ఆ రెండింటి నడుమ ఉన్నది మహా అయితే రెండు నిమిషాలు.

22 శుక్రవారం ఉదయం బియ్యం నానబోశాము. మా అత్తగారు తొంభైకి దగ్గరైన మనిషి, మంచం మీద నుంచే "నీళ్ళు మార్చినారా?" అని మూడుసార్లు అడిగినది. శనివారం కోడలికి సెలవు. బియ్యం వడగట్టి పిండిమరకు పోతే, తడిబియ్యం ఆడించే వేళ అయిపోయినదన్నారు. ఇంట్లో మిక్సీలో కొంచెం కొంచెంగా వేసి, పలచని బట్టలో జల్లించి, మిగిలిన రవ్వ మళ్ళీ వేసి, ఇట్లా రాత్రి తొమ్మిదిన్నర దాకా పట్టినది. పాకం పొయ్యి మీద పెట్టేసరికి పదిన్నర. ఉండ కట్టింది, దింపుదామనే క్షణానికి వీధిలో తప్పెట, గిటారు మోగినవి. పాటల బృందం!

పాడుతూ వచ్చినవారిని గుమ్మంలో నిలబెట్టి లోపలికి పోవడం మా ఊళ్ళో లేదు. ముందు వచ్చినది తెలుగు బృందమే. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనతో మొదలుపెట్టినారు. ఒడిస్సాలో ఉండే మన పాఠకులకు ఆయన తమవాడే; పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టి 1803 నుంచి 1890 దాకా జీవించిన కవి. ఆ పాట వింటూ ఒక చరణం అయినాక లోపలికి జారుకుందామనుకున్నాము. చరణం తరువాత చరణం. వారు టీ తాగుతుండగానే తమిళ బృందం వచ్చినది. వారికి ఇచ్చినదే వీరికీ ఇవ్వాలి గదా, పాలు చాలలేదు. వంటింట్లోకి తిరిగి వచ్చి చూస్తే, పొయ్యి ఆర్పిపోయినా పాకం కంచు మూకుడు వేడికి ముదిరి కూర్చున్నది. గోరువెచ్చని పాలు కొంచెం చిలకరించి, పిండి కలిపి, ఎట్లాగో అరిసెలు తట్టి వేశాము. ఆ రోజుకు బాగానే ఉన్నవి. మూడవ నాటికి పెంకుల వలె అయినవి. అత్తగారు టీలో నానబెట్టుకుని తింటూ, "దీనికి దంతాలు అక్కరలేదు, ఓపిక కావాలి" అన్నది.

ఇక రెండవది. దాని సంగతి ఆ రాత్రి పదకొండున్నరకు బయటపడినది.

పండుగ రాత్రి ఆరాధనలో లూకా సువార్త రెండవ అధ్యాయం చదవడం మా ఇంటికి వస్తున్న వరుస. మామగారు చదివేవారు, ఆ పైన మా వారు, ఆ పైన అబ్బాయి. ఈసారి పాప చేత చదివిద్దామని సంఘ పెద్దలు ముందు వారమే చెప్పినారు. తొమ్మిదేళ్ళ పిల్ల, గొంతు స్పష్టం, నలుగురిలో బెదరదు. అందరమూ సంతోషించాము. నూనె మూకుడు ముందు కూర్చుని కోడలు ఉన్నట్టుండి, "అత్తమ్మా, పాప చదవవలసినది తెలుగులో గదా?" అన్నది.

అవును, తెలుగులోనే. పాపకు తెలుగు అక్షరం ఒక్కటీ రాదు.

ఇంట్లో మాట్లాడేదంతా తెలుగే. బడిలో ఇంగ్లీషు, కన్నడం, వీధిలో తమిళం. మూడు భాషల్లో పోట్లాడగలదు. అక్షరాలు నేర్పడం మాత్రం, అబ్బాయి తల్లి నేర్పిస్తుందనుకున్నాడు, కోడలు మేము నేర్పిస్తున్నామనుకున్నది, మేము "ఈ సెలవుల్లో కాకపోతే వచ్చే సెలవుల్లో" అనుకుంటూ వచ్చాము. నిజం చెప్పాలంటే ఇందులో పెద్ద వాటా మాదే. పగలంతా పిల్ల ఉండేది మా దగ్గరే. అన్నం పెట్టడానికి, జడ వేయడానికి తీరిక దొరికినది గాని, పలక పట్టుకోవడానికి దొరకలేదు.

కోడలు ఇక మాట్లాడలేదు. చేతులు కడుక్కుని వచ్చి, బైబిలు ముందు పెట్టుకుని, వాక్యం వాక్యం కన్నడ అక్షరాల్లో ఒక కాగితం మీద రాసినది. మాట తెలుగు, లిపి కన్నడం. రాసి ముగించేసరికి ఒంటిగంట.

ఆదివారం ఆరాధన నుంచి రాగానే పాపను కూర్చోబెట్టి చదివించాము. చక్కగానే చదివినది. "కైసరు ఔగుస్తు" దగ్గర నవ్వినది. "కురేనియ" దగ్గర రెండుసార్లు ఆగినది. సత్రం దగ్గర కాగితం దించి, "అవ్వా, ఛత్రంలో పెళ్ళి జరుగుతుండినదా?" అని అడిగినది. ఈ వైపు ఛత్రమంటే పెళ్ళిళ్ళు జరిగే మండపం. పెళ్ళివారితో మండపం నిండిపోయి పాపం వీరికి చోటు దొరకలేదని పిల్ల అర్థం చేసుకున్నది. అది బాటసారులు దిగే చోటని చెప్పాము. కొంచెం నిరాశపడినది.

మా వారికి మాత్రం కాగితం వ్యవహారం మింగుడు పడలేదు. "బైబిలు చేతిలో పెట్టుకుని కాగితం చూసి చదవడమా? అంతకంటె నేనే చదువుతాను" అన్నారు. అత్తగారు మంచం మీద నుంచి, "పిల్లనోట తెలుగు వినబడితే నాకు చాలునురా. నా కళ్ళకు ఇప్పుడు ఏ లిపీ కనబడదు" అన్నది. తల్లి మాట తరువాత ఆయన మరి మాట్లాడలేదు.

ఇంతటితో ఒడ్డున పడినామనుకున్నాము. మా ఇంటి బైబిలు మామగారి నాటిది. అట్ట లోపలి తెల్లకాగితం మీద ఇంట్లో పుట్టినవారి పేర్లు, పోయినవారి పేర్లు, తేదీలతో సహా రాసి ఉంటవి. మొదటి నాలుగు వరుసలు మామగారి చేతివ్రాత, తరువాతవి మా వారివి, ఆఖరు వరుస అబ్బాయిది. కాగితం లోపల పెట్టబోయి పాప ఆ పుట తెరిచినది. వేలు పెట్టి చివరి వరుస చూసినది. "ఇది నా పుట్టినరోజు తేదీ గదా అవ్వా! దీని ముందు ఏమి రాసి ఉన్నది?" అని అడిగినది.

ముందు రాసి ఉన్నది ఆ పిల్ల పేరే. అంకెలు చదివినది, పేరు చదవలేకపోయినది.

ఆ రాత్రి పాప కాగితం చూసి చదివినది, తడబడలేదు. అందరూ మెచ్చుకున్నారు. అత్తగారు చెవి దగ్గర చేయి పెట్టుకుని చివరిదాకా విన్నది. మేము వినలేదు. మా మనసు ఆ అట్ట లోపలి పుట మీదనే ఉన్నది.

2024 వేసవి సెలవుల్లో పలక కొన్నాము. ఇందులో మాకు తెలిసివచ్చిన ఒకటి రెండు సంగతులు మనవంటి ఇళ్ళకు ఉపయోగపడవచ్చును. కన్నడం చదివే పిల్లకు తెలుగు మొదటి నుంచి నేర్పనక్కరలేదు. ఈ రెండు లిపులూ ఒకే పాత లిపి నుంచి చీలినవి. గ, జ, ర, ల, బ వంటివి చూపగానే గుర్తుపట్టినది. క, త, శ, హ దగ్గర, ఆ పైన తలకట్టు దగ్గర చిక్కు. మన తలకట్టు చూసి, "ప్రతి అక్షరానికీ టీచరమ్మ రైటు మార్కు వేసినట్టున్నది" అన్నది. రోజుకు నాలుగు అక్షరాలు, పావుగంట, అంతకు మించితే పారిపోయేది. పాఠ్యపుస్తకం పెట్టలేదు. ముందు తన పేరు రాయించాము, తరువాత నాన్న పేరు, తాత పేరు, అట్ట లోపలి పుటలో కిందనుంచి పైకి. చనిపోయినవారి పేర్లు వచ్చినప్పుడు వాళ్ళెవరని అడిగేది. ఆ కథలు చెప్పడంతో పావుగంట కాస్తా గంట అయ్యేది. మామగారి చేతివ్రాతలోని ఒత్తులు మాకే అర్థం కాని చోట్లు ఉన్నవి. అక్కడ అత్తగారి జ్ఞాపకమే దిక్కు.

తమిళనాడులో, మహారాష్ట్రలో ఉండే వారికి ఈ సులువు ఉండదు. అక్కడి లిపులు వేరు. వారు ఎట్లా నేర్పుకుంటున్నారో తెలుసుకోవాలని మాకు కుతూహలం.

2024లో పండుగ బుధవారం వచ్చినది గనుక కొంచెం ఊపిరి తీసుకునే వ్యవధి దొరికినది. అరిసెల పాకం పగలే పట్టాము. ఆ రాత్రి పాప పుస్తకం చూసే చదివినది, కాగితం లేదు. ఔగుస్తు దాటినది, కురేనియ దాటినది, పొత్తిగుడ్డల దగ్గర ఒత్తులకు ఆగి, కూడబలుక్కుని దాటినది. ఏడవ వచనం అయ్యేసరికి అలసిపోయి తండ్రి వైపు చూసినది. గొర్రెల కాపరుల దగ్గరనుంచి అబ్బాయి అందుకున్నాడు. ముందు యేటి కంటె నెమ్మదిగా, తప్పులతో చదివినది. వెనుక వరుసలో ఎవరో దగ్గినారు కూడా.

ఇంటికి వచ్చినాక అత్తగారు అడిగిన మొదటి ప్రశ్న, "ఈసారి అరిసె మెత్తగా ఉన్నదా?"

మీ ఇళ్ళలో పిల్లలకు అక్షరాలు ఎవరు, ఏ వేళ నేర్పుతున్నారో రాయండి. కన్నడ అక్షరాల్లో తెలుగు రాసి పంపినా అభ్యంతరం లేదు. చదివి వినిపించడానికి మా కోడలున్నది; ఆదివారం దాకా ఆగాలి, అంతే.