తిథి, షిఫ్టు, జాకెట్ల డెలివరీ: అన్నీ ఒకే పుస్తకంలో

జాకెట్లు కుట్టడానికి ఇచ్చేందుకు వచ్చినవాళ్ళు నా మిషను పక్కనున్న పుస్తకం చూసి "ఇది ఎక్కడ కొన్నారండీ?" అని అడుగుతుంటారు. కొనలేదు, గీసుకున్నానంటే నమ్మరు. స్కేలు పెట్టి గళ్ళు గీసి, జిరాక్సు తీయించి, రింగులు వేయించిన పుస్తకం అది. చూడ్డానికేమీ అందంగా ఉండదు. ఒక పేజీకి పసుపు మరక, ఇంకో పేజీకి మిషను నూనె. అయినా 2024 ఉగాదికి మొదలుపెట్టింది ఇంకా నడుస్తోంది. ఈ ఏడు మార్చి 19నే ఉగాది కాబట్టి మళ్ళీ గీసుకునే రోజులొచ్చాయి. అడిగినవాళ్ళందరికీ కలిపి ఇక్కడే రాసేస్తున్నాను. అయితే ఎలా గీశానో చెప్పేముందు, ఎందుకు గీయాల్సొచ్చిందో చెప్పాలి. అది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంటుంది.

2023 ఆగస్టు 26, శనివారం. ముందురోజే వరలక్ష్మీ వ్రతం. వ్రతానికి ఇవ్వాల్సిన జాకెట్లు గురువారం అర్ధరాత్రి దాకా కుట్టాను. శనివారం పొద్దున్న పెళ్ళివాళ్ళవి నాలుగు మిగిలాయి, వాటికి హుక్కులు కుడుతూ కూర్చున్నాను. పదకొండు గంటలకి అత్తయ్య వచ్చి గుమ్మం దగ్గర నిలబడి, "పంతులుగారు ఎన్నింటికొస్తానన్నారమ్మా?" అని అడిగింది.

ఆ రోజు మామగారి ఆబ్దికం.

ఆవిడ తెల్లవారుజామునే తలస్నానం చేసి, కాఫీ కూడా ముట్టకుండా కూర్చుంది. నేను పంతులుగారికి చెప్పే ఉంటాననుకుంది. మావారు ఎ షిఫ్టుకి వెళ్ళిపోయారు, ఆయనకి అసలు గుర్తే లేదు. నాకూ లేదు.

ఎలా మర్చిపోయానంటే, మామగారు 2021లో శ్రావణ శుద్ధ దశమినాడు పోయారు. 2022లో ఆ తిథి ఆగస్టు 7న వచ్చింది. తెలివిగా ఫోన్లో ఆ తేదీ పెట్టి, ప్రతి ఏడాదీ గుర్తుచేయమన్నాను. 2023 ఆగస్టు 7న ఫోను మోగింది కూడా. కానీ ఆ ఏడాది అధిక శ్రావణం వచ్చింది. "ఇప్పుడు కాదు, నిజ శ్రావణంలో పెట్టాలి" అంది అత్తయ్య. సరే అని ఫోన్లో గంట ఆపేశాను. ఇక అంతే. చాంద్రమానంలో ఏడాదికి 354 రోజులు, మన కేలండరుకి 365. ఏటా పదకొండు రోజులు వెనక్కి జరిగి, రెండున్నర మూడేళ్ళకోసారి అధిక మాసంతో ముందుకి దూకే తిథిని, ప్రతి ఏడూ అదే తేదీన మోగే గంటకి అప్పజెప్పాను.

ఆ సాయంత్రం గుళ్ళో స్వయంపాకం ఇచ్చి వచ్చాం. ఆబ్దికం అమావాస్యనాడు పెట్టించారు. అత్తయ్య నన్ను ఒక్క మాటా అనలేదు. ఆడపడుచులిద్దరూ ఫోన్లు చేసి అన్నారు. "పనిలో పడి మర్చిపోయావా వదినా?" అని. వాళ్ళ బాధ వాళ్ళది, తప్పుపట్టను. కానీ ఆ రోజంతా ఎవరూ అడగని మాట ఒకటుంది. పోయినాయన మావారి నాన్నగారు. నీకెందుకు గుర్తులేదని ఆయన్నెవరూ అడగలేదు. నిజం చెప్పొద్దూ, నేనూ అడగలేదు. చాలా నెలల దాకా నాకే తట్టలేదు.

ఆ డిసెంబరులో ఆరొందలు పెట్టి ప్లానరు కొన్నాను. అట్ట గట్టిది, లోపల పువ్వులు. రోజు ఉదయం తొమ్మిదికి మొదలై సాయంత్రం ఆరుకి అయిపోతుంది. తొమ్మిదయ్యేసరికి మా ఇంట్లో సగం రోజు గడిచిపోతుంది! శని, ఆదివారాలకి చెరో అరపేజీ. ఆదివారం ఎక్కువ పని ఉండే ఇళ్ళు ఆ పుస్తకం వేసినవాళ్ళకి తెలీదేమో. ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగానో రంగులు వేయడానికి ఎనిమిది గ్లాసుల బొమ్మలు. తిథి రాసుకునే చోటే లేదు. ఫిబ్రవరికల్లా పాప దాన్ని రఫ్ పుస్తకం చేసుకుంది.

మన గోడమీద కేలండరే దానికన్నా మంచి ప్లానరని ఇప్పుడు నమ్ముతాను. తిథి, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలం అన్నీ అందులో అచ్చువేసే ఉంటాయి. అమ్మ ఆ గళ్ళలోనే పాల లెక్క, గేస్ బండ మార్చిన తేదీ, ఇస్త్రీకి ఇచ్చిన బట్టలు, చీటీ డబ్బులు కట్టిన రోజు రాసేది. చోటు చాలకపోవడం, ఏడాది తిరిగేసరికి ఆ కాగితాలు అలమరా అరల్లో పరుచుకుపోవడం, ఈ రెండే దాని లోపాలు. జపాన్లో హని మొటోకో అనే పత్రికా రచయిత్రి 1904లోనే ఇల్లాళ్ళ కోసం ఇంటి పద్దు పుస్తకం తయారుచేసి అచ్చువేసింది. కకేబో అంటారు, ఇప్పటికీ వాడుతున్నారు. మనవాళ్ళ పద్దులు కేలండరు గళ్ళలో రాసి కేలండరుతోపాటే పోయాయి.

గీయడానికి ముందు ఒక వారం నేనొక పని చేశాను. ప్లానరు పెట్టుకోవాలనుకునేవాళ్ళు దయచేసి దీన్ని దాటేయకండి. కేంద్ర ప్రభుత్వ గణాంకాల వాళ్ళు 2019లో దేశమంతా టైమ్ యూజ్ సర్వే చేశారు. ఉదయం నాలుగు నుంచి మర్నాడు ఉదయం నాలుగు దాకా, అరగంట అరగంటకీ ఏం చేశారని అడిగారు. నేనూ అలాగే తెల్లకాగితం మీద 48 గళ్ళు గీసి, వారంపాటు నిజం రాశాను. ఎవరికీ చూపించక్కర్లేదు కాబట్టి ఫోను చూస్తూ గడిపిన గళ్ళు కూడా రాశాను.

రోజుకి మూడు గంటలు కుడుతున్నానని నా అంచనా. ఐదు గంటలు దాటింది. కాకపోతే అది పది పదకొండు ముక్కలు. ఏకబిగిన మిషను మీద కూర్చున్నది నలభై నిమిషాలకి మించి లేదు. కటింగుకి ఏకాగ్రత కావాలి, ఆది జాకెట్టు పక్కన పెట్టుకుని కొలత చూస్తుంటే కుక్కరు కూత వేసిందా, చంక దగ్గర అరంగుళం పోయినట్టే. హెమ్మింగు, హుక్కులు, ఫాల్సు ఎన్ని ముక్కల్లో చేసినా నష్టం లేదు. ఈ తేడా అన్నేళ్ళూ నాకు పట్టలేదు.

నా పుస్తకంలో రోజుకి ఒక పేజీ. పైన ఇంగ్లీషు తేదీ, దాని పక్కన మాసం, తిథి. ఆ కింద పెద్ద అక్షరం: ఎ, బి, లేదా సి. స్టీలు ప్లాంటు ఇళ్ళవాళ్ళకి చెప్పక్కర్లేదు, ఇంటి రోజుని ఆ అక్షరమే నడుపుతుంది. ఎ షిఫ్టు ఆరింటికి మొదలు. మద్దిలపాలెం నుంచి అంత దూరం వెళ్ళాలంటే నాలుగున్నరకే లేవాలి, కానీ పిల్లలు వెళ్ళాక మధ్యాహ్నం దాకా ఇల్లు నాదే. కటింగంతా ఆ రోజుల్లోనే. బి షిఫ్టంటే మధ్యాహ్నం పన్నెండుకల్లా క్యారేజీ కట్టాలి, కాబట్టి పొద్దున్న మిషను ఆశ వదులుకోవడమే. సి షిఫ్టంటే పగలు ఆయన నిద్ర, హాల్లో మిషను చప్పుడు చేయకూడదు, చేతికుట్టు మాత్రమే. ఇది తెలిశాక డెలివరీ తేదీలు చెప్పే పద్ధతే మార్చుకున్నాను. సి షిఫ్టు వారం పడితే కొత్త లైనింగు జాకెట్లు ఒప్పుకోను.

పేజీ మధ్యలో గీత ఉండదు. ఇంటి పనికి ఒక పుస్తకం, బయటి పనికి ఒక పుస్తకం పెట్టుకోండని చాలామంది చెబుతారు. ఆఫీసు తలుపు వేసుకుని ఇంటికొచ్చేవాళ్ళకి అది కుదురుతుందేమో. నా మిషను హాల్లో ఉంది. ఆబ్దికం తప్పిపోయింది జాకెట్ల వల్లే, జాకెట్లు వచ్చింది శ్రావణం వల్లే. రెండూ ఒకే పేజీలో పక్కపక్కన ఉండి ఉంటే 26వ తేదీ నాకు కనిపించేది. పైగా నా సంపాదన కూడా తిథుల మీదే నడుస్తుంది. మూఢాల్లో, ఆషాఢంలో పెళ్ళి జాకెట్లు రావు, శ్రావణంలో ఊపిరాడదు. సింహాచలం గిరి ప్రదక్షిణ ఆషాఢ పౌర్ణమి ముందురోజు. 2024లో జులై 20, 2025లో జులై 9. ముప్ఫై రెండు కిలోమీటర్ల ఆ నడక వెంకోజీపాలెం, ఇసుకతోట మీదుగానే సాగుతుంది కాబట్టి ఆ సాయంత్రం మా వైపు బండి కదలదు. ఆ రోజు ఎవరినీ ట్రయల్‌కి రమ్మనకూడదని ముందే రాసిపెడతాను.

అసలు గొడవంతా కుడివైపు చివరి గడి దగ్గర వచ్చింది. ప్రతి పని ఎదురుగా ఎవరి పనో పేరు రాసే గడి అది. మొదటి నెల తిరగేసి చూస్తే అన్నిటిలో నా పేరే. కరెంటు బిల్లు నేను, బాబు స్కూల్లో మీటింగు నేను, అత్తయ్య బీపీ మందులు నేను, ఆయన బండి ఇన్సూరెన్సు కూడా నేనే. అప్పుడు తట్టింది, ఆగస్టు 26న ఎవరూ అడగని ఆ మాట. మా పుస్తకం డైనింగ్ టేబుల్ మీద పెట్టి కొన్ని గళ్ళు ఖాళీగా వదిలేశాను. ఆయన చూసి, "ఇంట్లో కూడా రోస్టరేనా?" అన్నారు. "మీ షిఫ్టు మారేటప్పుడు లాగ్ బుక్కు రాయకుండా వచ్చేస్తారా? ఎవరికి గుర్తుంటే వాళ్ళు చేస్తార్లే అని ఫర్నేసు వదిలేస్తారా?" అన్నాను. ఆయనకి కోపం వచ్చింది. రెండు రోజులు ముభావంగా ఉన్నారు. మూడో రోజు ఇన్సూరెన్సు ఎదురుగా తన పేరు రాశారు. అంతకుమించి విప్లవమేమీ జరగలేదు.

దీనిమీద నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెబుతాను. పేర్ల గడి లేని ప్లానరు ఆడదానికి ఇంకో చాకిరీ. ఎన్ని రంగుల పెన్నులు వాడినా, అన్నీ నేనే చేయాలన్న జాబితాని అందంగా రాసుకోవడమే అవుతుంది. ఆ సర్వేనే 2024లో మళ్ళీ చేశారు. జీతంలేని ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు సగటున రోజుకి 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు. 2019లో అవి 299, 97. మనకి పది నిమిషాలు తగ్గితే వాళ్ళకీ తొమ్మిది తగ్గిందన్నమాట! ఇక ఆ పనుల్ని గుర్తుపెట్టుకునే పని నా 48 గళ్ళలో ఎక్కడ రాయాలో నాకైతే తెలియలేదు. అది ప్రతి గడిలోనూ ఉంది.

అమెరికాలో రైడర్ కేరొల్ అనే ఆయన చెప్పిన బుల్లెట్ జర్నల్ పద్ధతిలోంచి ఒక్కటి మాత్రం తీసుకున్నాను. అవని పనికి బాణం గుర్తు వేసి, మళ్ళీ చేత్తో తర్వాతి పేజీలో రాయడం. నేను దానికొక నియమం చేర్చాను. మూడు బాణాలు పడితే ఆ పని నాది కాకపోయుండాలి, లేదా అసలు అక్కర్లేనిదై ఉండాలి. దండెం తాడు మార్చడం అలాగే మూడు బాణాలయ్యాక మా బాబు పేరుకి వెళ్ళింది.

ఖర్చంటారా, పెద్దగా ఏమీ లేదు. ఖాళీ పేజీ ఒకటి గీసి, యూనివర్సిటీ దగ్గర పిల్లల ప్రాజెక్టులు బైండు చేసే జిరాక్సు షాపులో ఇస్తే, ఎ4 కాగితం సగానికి కోసి రింగులు వేసిస్తారు. కొంచెం మందం కాగితం అడగండి, లేకపోతే సిరా వెనక్కి దిగుతుంది. ఏడాదంతా ఒకేసారి చేయించకండి. మూడు నెలలకొక పుస్తకం చాలు. గళ్ళు ఎక్కడ చాలలేదో తెలిసేది వాడాకే.

టేబుల్ మీద ఉండే పుస్తకంలో అన్నీ రాయలేం, అది నిజమే. నా నెలసరి తేదీకి చిన్న చుక్క పెడతాను, ఎవరికీ అర్థంకాదు. కుట్టు డబ్బుల లెక్క మాత్రం వేరే చిన్న పుస్తకంలో ఉంటుంది. అది పోపుల డబ్బా వెనక. ఈ ఒక్క విషయంలో నేను అమ్మ కూతురినే.

పోయిన ఏడు ఆబ్దికం మావారే చూసుకున్నారు. పంతులుగారికి ముందే ఫోను చేశారు, సెలవు పెట్టారు. కూరలు, అరిటాకులు తేవడం మర్చిపోయారు. గుర్తుచేద్దామని నోటిదాకా వచ్చింది, బలవంతాన ఆపుకున్నాను. పొద్దున్న ఆరింటికి ఎంవీపీ రైతుబజారుకి పరుగెత్తారు. అత్తయ్య నావైపు అదోలా చూసింది. నవ్విందో, నొచ్చుకుందో ఇప్పటికీ చెప్పలేను.

ఈసారి ఆవిడే పంచాంగం పట్టుకుని కూర్చుంది. మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం, కాబట్టి శ్రావణం ఆగస్టు 13 దాకా రాదు. ఆ అధికమాసంలో పెళ్ళి జాకెట్లుండవు, స్కూలు యూనిఫారాలు ఒప్పుకోవాలి. ఆవిడ చెబుతోంది, నేను రాస్తున్నాను. వైశాఖం దాకా అయింది.