కొత్తది కొనుక్కోవచ్చుగా?

గత మూణ్ణెల్లుగా ఆఫీసులో నన్ను ఈ ప్రశ్న అడగనివాళ్ళు లేరు. అడిగినవాళ్ళంతా ఇంజినీర్లే. బీటెక్కులు, ఎంటెక్కులు, ఒకాయనైతే ఐఐటీ కూడాను. ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు చెప్పే ఓపిక లేక ఈ టపా. కాస్త ఘాటుగా ఉంటే ఏమనుకోకండి. అనుకున్నా ఫర్లేదు :)

సంగతేమిటంటే, ఈ ఎండాకాలం సెలవుల్లో నేనూ, ఎనిమిదో తరగతి పూర్తిచేసిన మా మేనల్లుడూ కలిసి ఒక రిమోట్ కంట్రోల్ బగ్గీని షార్ట్ కోర్స్ ట్రక్కుగా మార్చాం. జనగామ జిల్లా తరిగొప్పులలో, మా ఇంటి వసారాలో కూర్చుని. బగ్గీ కొత్తదేం కాదు. అమెరికా నుంచి తిరిగొచ్చిన స్నేహితుడొకడు మూల పడేసింది, సెకండ్ హాండ్‌లో తీసుకున్నాను. మొత్తం మూడు వారాంతాలు పట్టింది.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. బగ్గీ అంటే సన్నగా, నేలకి దగ్గరగా, చక్రాలు బయటికి కనబడుతూ, వెనకాల ఒక రెక్కతో ఉండే బండి. షార్ట్ కోర్స్ ట్రక్కంటే అమెరికాలో మట్టి ట్రాకుల మీద పందేలకి దిగే పికప్ ట్రక్కులకి నకలు. చక్రాల్ని పూర్తిగా కప్పేసే బాడీ, ముందూ వెనకా బంపర్లు, పెద్ద టైర్లు. ఒకదాన్ని తట్టుకుని ఇంకోటి పోయినా చక్రానికి చక్రం చిక్కుకోదు. మా ఊళ్ళో చెలకల మధ్య బండ్లబాటలకీ, కల్లాలకీ బగ్గీ కంటే ఇదే నయం. సన్న టైర్ల బగ్గీ దుబ్బలో కూరుకుపోతుంది.

ఇక అసలు గొడవకొద్దాం.

"ట్రక్కే కావాలంటే ట్రక్కే కొనొచ్చు కదా, బగ్గీ బగ్గీయే, ట్రక్కు ట్రక్కే" అన్నాడొక పెద్దమనిషి. అయ్యా, ఆ ట్రక్కు ఎక్కడినుంచి పుట్టిందో తమరికి తెలుసా? 2008లో ట్రాక్సస్ కంపెనీ స్లాష్ అనే బండి తెచ్చింది. ఆర్సీ లోకంలో షార్ట్ కోర్స్ అనే తరగతి ఊపందుకున్నది దాంతోనే. దాని గేర్‌బాక్సూ, మోటారూ, స్పీడ్ కంట్రోలరూ ఆకాశం నుంచి ఊడిపడలేదు. అప్పటికే వాళ్ళు అమ్ముతున్న రస్ట్లర్, స్టాంపీడ్, బ్యాండిట్ కుటుంబంలోవే. అందులో బ్యాండిట్ అచ్చంగా బగ్గీ. మరుసటేడు 2009లో టీమ్ అసోసియేటెడ్ వాళ్ళు తెచ్చిన ఎస్‌సీ10 కూడా వాళ్ళ బీ4 బగ్గీ, టీ4 ట్రక్కుల వంశమే. ఇంకా వెనక్కి పోతే టామియా 1983లో ఫ్రాగ్ అనే బగ్గీ చేసి, 1986లో దాని ఛాసిస్ మీదే బ్లాక్‌ఫుట్ అనే పెద్దచక్రాల ట్రక్కు నిలబెట్టింది. అంటే కంపెనీవాడు చేస్తే ప్రొడక్ట్ లైన్, మేం వసారాలో చేస్తే పనీపాటా లేని వ్యవహారమా?

కంపెనీల దాకా ఎందుకు, మన ఊళ్ళలో టైరు బండి చూళ్ళేదూ? ఒకప్పుడు కర్ర చక్రాల ఎడ్లబండి. దానికి ఇరుసు మార్చి, పాత టైర్లు వేసి, టైరు బండి చేసుకున్నారు. "కొత్తది కొనుక్కోవచ్చుగా" అని అప్పుడెవరూ అన్నట్టు లేదు.

రెండో వాదన నాకు మరీ ఒళ్ళు మండించేది. "నీ గంట రేటెంత? మూడు వారాంతాలంటే ఎన్ని గంటలు? ఆ డబ్బుతో రెండు ట్రక్కులొస్తాయి!" లెక్క బాగానే ఉంది. కానీ బాబూ, శనివారం మధ్యాహ్నం నా గంటని కొనేదెవరు? ఏ క్లయింటుకి బిల్లు వేయను? ఆ గంట ఆఫీసుకి అమ్మింది కాదు, నాది. మీరు అదే శనివారం మూడు గంటలు ఫోన్లో రీల్స్ చూస్తే దానికి గంట రేటు కట్టరేం? బజ్జీలు తింటూ క్రికెట్ చూస్తే "రెండు ట్రక్కులు పోయాయి" అని ఏడవరేం? చేత్తో పని చేసినప్పుడే ఈ లెక్కలన్నీ గుర్తొస్తాయి. చూడటానికి టైముంది, చేయడానికే లేదు.

న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి. డబ్బు మిగుల్తుందని ఎవరైనా ఈ పనికి దిగితే దిగొద్దు. చక్రాలు, టైర్లు, బాడీ, గట్టి స్ప్రింగులు, పినియన్ అన్నీ కలిపితే చాలాసార్లు వాడిన ట్రక్కు ధరకి దగ్గరగా వస్తుంది. నా వాదన డబ్బు గురించి కాదు. ఆ మూడు వారాంతాల్లో ఏం జరిగిందన్నదాని గురించి.

ఏం జరిగిందో చెప్తాను.

బాడీ మార్చేస్తే ట్రక్కయిపోతుందని మావాడు అనుకున్నాడు. అది యూఐకి కొత్త రంగులు పూసి వెర్షన్ 2.0 అన్నట్టుంటుంది. 1/10 సైజు బగ్గీకి ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య దూరం సుమారు 280 మిల్లీమీటర్లు. షార్ట్ కోర్స్ ట్రక్కుకి సుమారు 330. వెడల్పు 250 నుంచి 296 దాకా పెరగాలి. అంటే ఛాసిస్‌ని 50 మిల్లీమీటర్లు సాగదీయాలి. మాది వెనక చక్రాలు మాత్రమే తిరిగే బండి, మోటారు కూడా వెనకే. కాబట్టి ముందు భాగాన్ని జరిపితే తెగేదేం లేదు, స్టీరింగ్ సర్వో వైరు కాస్త పొడుగు కావాలంతే. అదే నాలుగు చక్రాల బండైతే మధ్యలో ఉండే షాఫ్టు కూడా మార్చాలి. ఈ తేడా మావాడు బండి తలకిందులు చేసి, చక్రం తిప్పి చూసి, తనే చెప్పాడు.

అల్యూమినియం పట్టీ కోసం జనగామలో ఒక లేత్ షాపుకి పోయాం. నా గీత చూసి ఆ మేస్త్రి, "రెండు బోల్టులు పెడితే పట్టీ తిరుగుతది సార్, నాలుగు పెట్టాలె అని మీరు గీసిందే కరెక్ట్. గానీ నాలుగూ ఒకే లైన్ల పెట్టకుండ్రి, అక్కన్నే ఇరుగుతది" అన్నాడు. బొక్కలు అటూ ఇటూ జరిపి పెట్టించాం. ఇంజినీరింగ్ మొదటేడు వర్క్‌షాప్ ల్యాబ్‌లో మనందరం వీ-ఫిట్, స్క్వేర్ ఫిట్ చేశాం గుర్తుందా? గుర్తుండదు. సీనియర్ చేసిన ముక్కకి రంగుపూసి చూపించిన బ్యాచులెన్నో. లేత్ మేస్త్రికి మార్కులు లేవు, మాటలో మాత్రం సరుకుంది.

తర్వాత చక్రాలు. బగ్గీ వెనక టైరు ఎత్తు దాదాపు 85 మిల్లీమీటర్లు, ట్రక్కు టైరు 110. ఒకే గేరుతో మోటారు ఒక చుట్టు తిరిగితే బండి ఇప్పుడు 29 శాతం ఎక్కువ దూరం పోవాలి. అంటే సైకిల్‌ని పెద్ద గేర్లో పెట్టి ఎత్తు ఎక్కించినట్టు. కావాలనే పాత పినియన్‌తోనే రెండు నిమిషాలు నడపమన్నాను, వాడికి తెలియాలని. మోటారు మీద వేలు పెట్టి చటుక్కున తీసేశాడు. "మామా, కాలుతాంది!" అన్నాడు. ఎందుకని అడిగాను. పావుగంట ఆలోచించి, నోట్‌బుక్‌లో నిష్పత్తి వేశాడు. పినియన్‌కి 21 పళ్ళున్నాయి, 21ని 1.29తో భాగిస్తే 16 చిల్లర. పదహారు పళ్ళది వేశాం. వేడి తగ్గింది. నిష్పత్తులు వాడు ఆరో తరగతిలోనే చదివాడు, పరీక్ష కూడా పాసయ్యాడు. ఎందుకు పనికొస్తాయో ఇప్పుడు తెలిసింది.

ఇక అసలైన ముచ్చట. యాసంగి వడ్లు ఎత్తేశాక ఖాళీగా ఉన్న కల్లంలో, మట్టికుప్ప మీంచి ట్రక్కుని ఎగిరించాం. ముక్కు పైకి లేచి వెల్లకిలా పడింది. మళ్ళీ ఎగిరించాం, మళ్ళీ అంతే. షార్ట్ కోర్స్ బండ్లకి ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు. చక్రాల్ని కప్పే పెద్ద బాడీ కింద గాలి చేరి, గొడుగులా ఎత్తేస్తుంది. నాకు మందు తెలుసు, నోరు మూసుకుని కూర్చున్నాను. మావాడు బాడీని అటూ ఇటూ తిప్పాడు. రోడ్డు వైపు చూశాడు. అక్కడ ఎవరిదో పుట్టినరోజు శుభాకాంక్షల ఫ్లెక్సీ కట్టి ఉంది. "మామా, గాలికి చినగకుంట ఫ్లెక్సీలకు కోస్తరు గదా, దీనికి గూడ వెనకాల కోద్దామా?"

కోశాం. ఎగిరించాం. నాలుగు చక్రాల మీద దిగింది.

పెద్ద రేసర్లు చేసేదీ ఇదే, బాడీ వెనక భాగంలో బొక్కలు కోస్తారు. పదమూడేళ్ళ పిల్లాడు దాన్ని ఏ వీడియోలోనూ చూడకుండా, ఊళ్ళో వేలాడే ఫ్లెక్సీ నుంచి లాగాడు. ఇప్పుడు చెప్పండి, కొత్త ట్రక్కు డబ్బా విప్పి చేతికిస్తే ఈ ఆలోచన ఎక్కడినుంచి వచ్చేది? డబ్బాలో బండి ఉంటుంది కానీ ప్రశ్న ఉండదు.

మనవాళ్ళ ద్వంద్వ నీతి ఇక్కడే. మా జనగామకి పక్కనే ఆలేరు. ఆ దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం గారు, ఆసు పోయలేక అమ్మ పడే చేతినొప్పి చూడలేక, ఏళ్ళ తరబడి ముక్కా ముక్కా కలిపి 1999లో ఆసుయంత్రం పూర్తిచేశారు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు, 2019లో సినిమా తీశారు. మనం థియేటర్లో కళ్ళు తుడుచుకున్నాం, స్టేటస్‌లు పెట్టుకున్నాం. ఇంటికొచ్చి, బొమ్మకారు స్క్రూలు విప్పుతున్న కొడుకు వీపు మీద ఒక్కటిచ్చాం, "పాడుచేయకురా, వేలు పోసి కొన్నాను" అని. పక్కూరి మల్లేశం కావాలి, మనింట్లో మాత్రం వద్దు!

మన వృత్తిలోనూ అంతే. పాత కోడ్ చూడగానే "దీన్ని పారేసి మొదట్నుంచీ రాద్దాం" అంటాం. 2000లోనే జోయెల్ స్పాల్‌స్కీ నెట్‌స్కేప్ వాళ్ళు అలా చేసి ఎలా దెబ్బతిన్నారో రాశాడు. పావు శతాబ్దం గడిచింది, ఇంకా అదే మాట. ఉన్నదాన్ని చదివి, ఏది ఉంచాలో ఏది మార్చాలో తేల్చుకోవడం కొత్తది రాయడం కంటే కష్టం. పినియన్ మారిస్తే ఎక్కడ వేడి పుడుతుందో ఊహించగలిగినవాడే, ఒక ఫంక్షన్ మారిస్తే ఎక్కడ పగులుతుందో ఊహించగలడని నా గట్టి నమ్మకం.

అన్నట్టు, తప్పంతా తల్లిదండ్రులదే అనను. బజారులో దొరికే బొమ్మల్లో చాలావాటికి విడిభాగాలే ఉండవు. గేరు పన్ను విరిగితే బండి చెత్తబుట్టలోకే. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేశారు, మంచిదే. కానీ ఆ గుర్తు బొమ్మ ప్రమాదకరమా కాదా అన్నదే చెబుతుంది, బాగుచేసుకోవచ్చా లేదా అన్నది చెప్పదు. దిగుమతి సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచారు. 2022లో కేంద్రం రిపేరు హక్కు కోసం కమిటీ వేసి, వ్యవసాయ పరికరాలు, ఫోన్లూ ఎలక్ట్రానిక్స్, గృహోపకరణాలు, వాహనాలు అంటూ నాలుగు రంగాల్ని ఎంచుకుంది. బొమ్మలు అందులో లేవు. పిల్లవాడు మొట్టమొదట విప్పి చూసే యంత్రం బొమ్మే కదా, దాన్ని వదిలేస్తే ఎలా?

ఒక హెచ్చరిక కూడా ఇక్కడే. లిథియం పాలిమర్ బ్యాటరీతో పిల్లల్ని ఒంటరిగా వదలకండి. ఉబ్బిన బ్యాటరీ వాడకండి, ఛార్జింగ్ పెట్టి బయటికి పోకండి. స్క్రూడ్రైవర్ ఇవ్వండి, బ్యాటరీ దగ్గర మాత్రం మీరు కూర్చోండి. "ప్రమాదం కాబట్టి అసలు వద్దు" అనేవాళ్ళకి ఒకటే మాట: పదమూడేళ్ళవాడికి స్కూటీ ఇచ్చి పాలప్యాకెట్‌కి పంపేది మనమే.

కాబట్టి సాటి ఇంజినీర్లకి నా విన్నపం, కాదు, డిమాండే అనుకోండి. ఈసారి పిల్లలకి బండి కొనేటప్పుడు షాపువాడిని స్పీడెంత అని అడగొద్దు. మూడు అడగండి. స్క్రూలతో బిగించిందా, గమ్ముతో అతికించిందా? గేరు పోతే విడిగా దొరుకుతుందా? చక్రం ఇంకో సైజుది పడుతుందా? మూడింటికీ "లేదు" అంటే ఆ బొమ్మ అక్కడే పెట్టి రండి. "అవును" అంటే కొనండి, ఒక స్క్రూడ్రైవర్ సెట్టు కూడా కొనండి, ఓ శనివారం ఫోన్ పక్కనపెట్టి నేలమీద కూర్చోండి.

ఇంకా ఎవరికైనా గంట రేటు లెక్క ఉంటే చెప్పండి, సమాధానం ఇస్తాను. ఈ శనివారం మాత్రం కుదరదు. ముందు బంపర్ విరిగింది, బోరుబావి నల్లపైపు ముక్క వేడిచేసి చదును చేయాలి.