బాలుర ప్రశ్నయు పెద్దల ప్రత్యుత్తరమును

పెద్దలు మాటలాడుకొనుచున్న చోట పిల్లవాడు నోరు విప్పినయెడల, "పిల్లకాకి కేమి తెలియును ఉండేలు దెబ్బ?" అను సామెత మన యిండ్లలో వెంటనే వినవచ్చును. ఈ సామెతను మేము తృణీకరింపము. అనుభవము లేనివారు అనుభవము గలవారి యెదుట అణకువతో నుండవలె ననుట మంచిదే. మన పాఠశాలయు దానినే నేర్పుచున్నది. అయినను దెబ్బ తగులబోవునది పిల్లకాకికే యైనప్పుడు అది యఱవకూడదా యను సందేహము మాకు చాలదినములనుండి కలదు. లోకము వేడెక్కుచున్నది, సముద్రము పొంగుచున్నది, ఋతువులు తప్పుచున్నవి. 2100వ సంవత్సరము నాటికి నేడు దేశముల నేలుచున్న పెద్దలు ఉండబోరు. నేడు మన ఆఱవ తరగతిలో కూర్చున్న పిల్లలలో కొందఱు ఉందురు. కావున ఈ సంగతిని గూర్చి బాలురు లోకనాయకుల యెదుట మాటలాడవచ్చునా, మాటలాడినయెడల ఫలమేమి యని విచారింపదలచితిమి.

1992వ సంవత్సరము జూను నెలలో బ్రెజిలు దేశమందలి రియో డి జనీరో నగరమున ఐక్యరాజ్య సమితి యొక గొప్ప సభను జరిపెను. భూమిని కాపాడు నుపాయముల నాలోచించుటకై దేశాధిపతులు పెక్కండ్రు కూడిరి. కెనడా దేశపు వాంకూవరు నగరమునుండి సెవెర్న్ కల్లిస్ సుజుకీ యను పండ్రెండేండ్ల బాలిక, తన యీడు నెచ్చెలులతో గూడి, దారిఖర్చునకు వలయు ధనమును తామే కూర్చుకొని యచ్చటికి పోయెను. ఆమె మాటలాడినది సుమారు ఆఱు నిమిషములు మాత్రమే. చెడినదానిని బాగుచేయు విధము మీ రెఱుగనప్పుడు చెఱుపుటయైనను మానుడని ఆమె పెద్దలను వేడుకొనెను. సభ నిశ్శబ్దమై వినెను. పిమ్మట చప్పట్లు మ్రోగెను.

తరువాత జరిగిన దేమి? రాక్షసిబొగ్గును, రాతినూనెను కాల్చుటచే పుట్టు బొగ్గుపులుసు వాయువు భూమికి కంబళివలె కప్పుకొని, వేడిమిని వెలికి పోనీయక నిలుపును. ఆ వేడిమిచే సముద్రజలము వ్యాకోచించును. నేలమీది మంచుగడ్డలు కరగి కడలిలో కలియును. ఈ రెండు కారణములచేతను నీటిమట్టము పెరుగును. ఇది 1992లో పెద్దలకు తెలియని సంగతి కాదు. ఆ సభలోనే దీనిని గూర్చిన యొడంబడికపై దేశములు చేవ్రాళ్లు చేసినవి. అయినను 1992 మొదలు 2019 వఱకు చూడగా, లోకమున ఏటేట వెడలు ఆ వాయువు తగ్గకపోగా సగమునకు మించి పెరిగినది. బాలికను మెచ్చుకొనిరి, ఆమె కోరినదానిని చేయరైరి. చప్పట్లు ప్రత్యుత్తరము కానేరవు.

పెద్దలకు శక్తి చాలక యిట్లు జరిగెనని చెప్పుటకు వీలులేదు. సూర్యుని తీక్ష్ణకిరణములనుండి మనలను కాపాడు ఓజోను పొరకు హానిచేయు పదార్థములను మానుటకై 1987లో మాంట్రియలు నగరమున దేశములు ఒడంబడిక చేసికొన్నవి, దానిని పాటించినవి, ఆ పొర క్రమముగా కోలుకొనుచున్నది. పట్టుదల యున్నచో పని నెఱవేఱునని దీనివలన స్పష్టమగుచున్నది.

ఇక రెండవ కథ వినుడు. పసిఫిక్ మహాసముద్రమున వనువాటు అను చిన్న దేశము కలదు. దీవులు ఎనుబదికి పైబడినవి. జనసంఖ్య సుమారు మూడు లక్షలు, అనగా మన దేశమున నొక పట్టణపు జనసంఖ్య యంత. 2015 మార్చిలో పామ్ అను తుపాను ఆ దీవులను అల్లకల్లోలము చేసెను. 1977 నవంబరు 19వ తేదీ దివిసీమ ఉప్పెనను గూర్చి తాతలవలన విన్న మనకు, గాలియు సముద్రమును ఏకమై వచ్చుట యెట్టిదో వేఱుగ చెప్పనక్కఱలేదు. లోకమున వెడలు బొగ్గుపులుసు వాయువులో ఆ దీవులవారి పాలు లెక్కకు రానంత స్వల్పము. పొంగు కడలి దెబ్బ మాత్రము ముందుగా వారికే తగులుచున్నది.

ఆ దేశపు ముఖ్యపట్టణమగు పోర్టువిలాలో దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయమునకు చెందిన న్యాయశాస్త్ర విద్యార్థులు 27 మంది 2019లో ఒక ప్రశ్నను చేతబట్టిరి. వాతావరణమును కాపాడు విధి దేశములకు న్యాయముచే కలదా? కలదేని, దానిని మీఱి యితరులకు హాని చేసిన దేశము దేనికి బాధ్యమగును? దీనికి ఉత్తరము చెప్పదగిన స్థానము ది హేగ్ నగరమందలి అంతర్జాతీయ న్యాయస్థానము. అయితే విద్యార్థులు పోయి తలుపు తట్టిన నది తెఱువదు. ఐక్యరాజ్య సమితివంటి సంస్థ యడుగవలెను. కావున వారు ముందుగా తమ ప్రాంతపు నాయకులకు లేఖలు వ్రాసిరి. 2021లో వనువాటు ప్రభుత్వము ఆ ప్రశ్నను తనదిగా చేసికొనెను. ఇతర ఖండముల యువజనులును చేయి కలిపిరి. 2023 మార్చి మొదటి వారములో రెండు తుపానులు ఒకదానివెంట నొకటి ఆ దీవులపై విఱుచుకొనిపడెను. ఆ నెల 29వ తేదీననే ఐక్యరాజ్య సమితి సర్వసభ్యసభ, 130కి పైబడిన దేశములు ప్రతిపాదకులుగా నుండగా, ఎదురుమాట లేక తీర్మానించి, ప్రశ్నను న్యాయస్థానమునకు పంపెను.

2024 డిసెంబరులో వాదములు జరిగెను. తొంబదికి మించిన దేశములు తమ తమ మాట వినిపించినవి. 2025 జూలై 23వ తేదీన పదునేనుగురు న్యాయమూర్తులును ఏకగ్రీవముగా అభిప్రాయము ప్రకటించిరి. వాతావరణమును కాపాడుట దేశములకు న్యాయవిధి యనియు, ఆ విధిని మీఱుట తప్పిద మనియు, తప్పిదము చేసిన దేశము దానిని మానవలె ననియు, తగిన సందర్భమున నష్టమును పూడ్పవలసి వచ్చు ననియు వారు చెప్పిరి. ఇది సలహారూపమైన యభిప్రాయము మాత్రమే. డిక్రీ పుచ్చుకొని జప్తునకు వచ్చు అమీను దీనికి లేడు. ఆ మాట దాచుట తగదు. అయినను ఇకమీదట ఏ దేశపు న్యాయస్థానమునందైనను ఈ పలుకును చూపి వాదింపవచ్చును. లోకమున మిక్కిలి చిన్న దేశములలో నొకదానియందు చదువుకొను పిల్లల ప్రశ్నకు లోకమున మిక్కిలి గొప్ప న్యాయస్థానము బదులు చెప్పవలసి వచ్చెను.

ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. రియో నగరమున మాటలాడిన బాలికను మేము తక్కువ చేయుట లేదు. హృదయము కరుగనిదే ఏ ప్రశ్నయు పుట్టదు. అయితే హృదయము కరగించిన మాటను విని పెద్దలు కన్నులు తుడుచుకొని ఇంటికి పోవచ్చును. చక్కగా చదివి, తగిన స్థానమున, తగిన రీతిని వేసిన ప్రశ్నకు ఉత్తరము చెప్పక తప్పదు. ఆ విద్యార్థులకు బలము గలిగించినవి చదువును, ఓర్పును. ప్రశ్న పుట్టిననాటికిని ఉత్తరము వచ్చిననాటికిని నడుమ ఆఱేండ్లు గడచినవి.

అన్ని ప్రయత్నములును ఫలించునని మేము చెప్పము. మన హరిద్వారమునకు చెందిన యొక బాలిక తొమ్మిదేండ్ల వయస్సున, 2017లో, జాతీయ హరిత న్యాయాధికరణమునకు అర్జీ పెట్టెను. 2019లో అది కొట్టివేయబడెను. ఆ యేడే ఆమె, వేర్వేఱు దేశముల బాలబాలికలు పదునేనుగురితో గూడి, ఐక్యరాజ్య సమితి బాలల హక్కుల సంఘమునకు విన్నవించెను. మీమీ దేశముల న్యాయస్థానములకు ముందుగా పోవలసినదని చెప్పి సంఘము 2021లో దానిని గైకొనదయ్యెను. కాని తన గడ్డపై లేచిన పొగ యెల్లలు దాటి పరదేశపు బిడ్డలకు హాని చేసినను దేశము బాధ్యమగునని ఆ నిర్ణయముననే యొప్పుకొనెను. మూసిన తలుపునందును ఒక సందు మిగిలెను.

పెద్దలను ప్రశ్నించుట అవిధేయత యని కొంద ఱందురు. తండ్రి పాలుడిగిన గోవులను దానమిచ్చుచుండగా చూచి యూరకుండలేక, నన్నెవరి కిత్తువని యడిగిన నచికేతుని మన పూర్వులు నిందింపలేదు. యముడు సైత మతని ప్రశ్నకు ఉత్తరము చెప్పెనని కథ. పాలుడిగిన ఆవును దానమిచ్చుటకును, ఎండిన చెఱువును సంతతికి విడుచుటకును భేద మేమో పెద్దలే చెప్పవలెను.

చదువు చెడునని మఱికొంద ఱందురు. 2018లో స్వీడను దేశమున పదునేనేండ్ల గ్రెటా థున్‌బర్గ్ బడి మాని పార్లమెంటు ముందఱ కూర్చుండెను. మఱుసటి యేడు లక్షలకొలది పిల్లలు పెక్కు దేశములలో ఆమె మార్గము ననుసరించిరి. లోకము దృష్టి అటు మఱలెను. అయినను మన విద్యార్థులు తరగతి విడువ నక్కఱలేదని మా యభిప్రాయము. వనువాటు విద్యార్థుల ప్రశ్న వారు చదువుకొన్న శాస్త్రమునుండియే పుట్టెను.

విద్యార్థులారా! మీ యూరి చెఱువును గూర్చియో, కాలువను గూర్చియో పంచాయతీవారికి వ్రాయదలచినచో ముందు లెక్క చూచుకొనుడు. నీరు ఎన్ని నెలలు నిలిచెను? చెత్త బండ్లు ఎన్ని వచ్చెను? తేదీలతో వ్రాయుడు, చేవ్రాలు చేయుడు, నకలు ఉంచుకొనుడు, బదులు రానిచో మరల వ్రాయుడు. తలిదండ్రులారా! రాత్రి భోజనమువేళ బిడ్డ యడిగిన ప్రశ్నను సామెతతో మూయకుడు. తెలియనిచో తెలియదనుడు, బిడ్డతో గూడి తెలిసికొనుడు. ఉపాధ్యాయులారా! పాఠమునకు చివర ప్రశ్నకు కొంత చోటు విడువుడు.

ఆ 27 మందికి ఉత్తరము వచ్చుటకు ఆఱేండ్లు పట్టెను. నేడు మన ఆఱవ తరగతి పిల్లవాడు వేసిన ప్రశ్నకు, అతడు ఈ పాఠశాలను విడుచునాటికైనను ఉత్తరము దొరకునట్లు చూచుట మన పెద్దలందఱి విధి.